బగ్ రిపోర్టు ముందు నా సైట్‌లో: ఆరేళ్లు వాడాక

పాలకొల్లులో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, రొయ్యల మేత కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు, అన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తాం. 2018లో ఒక శుభలేఖలో ‘రాజ్‌కుమార్’ అని కొడితే పీడీఎఫ్‌లో ‘రాజ్కుమార్’ అని వచ్చింది. జ కింద క వత్తు పడింది, కకి ఉండాల్సిన కొమ్ము వచ్చి జకి తగులుకుంది. 500 కార్డులు అచ్చయ్యాక పెళ్లికొడుకు మేనమామ గారు చూసి చెప్పారు. మళ్లీ అచ్చు వేసి ఇచ్చాం.

‘జ్’కీ ‘కు’కీ మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. పొల్లును పొల్లుగా నిలబెట్టేది అదే. పీడీఎఫ్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని మింగేస్తోంది. రెండు రాత్రులు కూర్చుని నమూనా ఫైలు, స్క్రీన్‌షాట్లు అన్నీ తయారుచేసి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు లోపాల (బగ్‌ల) ఫిర్యాదులు తీసుకునే ట్రాకర్‌లో పెట్టాను. ఏడాది తిరక్కుండానే వాళ్లు వేరే ట్రాకర్‌కి మారిపోయారు. నా లింకు పోయింది, ఫైళ్లూ పోయాయి. నా దగ్గర మిగిలింది ఆ తప్పు కార్డు ఒక్కటే. ఇది ఒక్కరి కథ కాదు. సాఫ్ట్‌వేర్ కోడ్, ఫిర్యాదులు దాచుకునే గూగుల్ కోడ్ అంతటిదే 2016 జనవరిలో మూతపడింది.

2019లో ఆ కార్డును స్కాన్ చేసి నా సైట్‌లో మొదటి రిపోర్టుగా పెట్టాను. అప్పటినుంచీ ఇదే పద్ధతి. ముందు నా పేజీలో వెర్షన్, ఏం కొట్టాను, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నీ రాస్తాను. తర్వాత ఆ మొత్తాన్ని ఇంగ్లీషులో ట్రాకర్‌లో పెట్టి, కింద నా లింకు ఇస్తాను. ఉత్త లింకు పంపితే డెవలపర్లకు చిరాకు, అది న్యాయమే. సొంత సైట్లలోనే రాసుకుందాం అనే ఇండీవెబ్ బృందం వాళ్లు ‘పోసీ’ అనేది ఈ పద్ధతినే: ముందు సొంత సైట్, తర్వాతే మిగతా చోట్ల.

ఇన్నేళ్లలో నాకు బాగా కలిసొచ్చింది తెలుగులో రాసుకోవడం. వత్తు ఎక్కడ జారింది, కొమ్ము ఎటు పోయింది అని తెలుగులో రాశాకే నాకు సమస్య స్పష్టంగా కనబడుతుంది. భీమవరం, నరసాపురం షాపుల వాళ్లు ఫోన్ చేసినా ఆ పేజీయే పంపుతాను. పోయినేడు ఒక డెవలపర్ నా సైట్‌లో ఉన్న నమూనా ఫైలు అడిగితే నిమిషంలో ఇచ్చాను. తర్వాతి వెర్షన్‌లో ‘రాజ్‌కుమార్’ సరిగ్గా వచ్చాడు. ఆ రోజు షాపులో అందరికీ టీ తెప్పించాను.

ఇబ్బందులూ ఉన్నాయి. ట్రాకర్‌లో జరిగిన చర్చ నా పేజీలోకి దానంతటదే రాదు, నేనే ఎక్కించాలి. పని ఒత్తిడిలో చాలాసార్లు వెనకబడ్డాను. కస్టమర్ల ఫోన్ నంబర్లు స్క్రీన్‌షాట్లలో పడకుండా ప్రతిసారీ చూసుకోవాలి.

భద్రతకు సంబంధించిన లోపాలను మాత్రం ఎప్పుడూ ముందుగా సైట్‌లో పెట్టను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ గొడవ గుర్తుందా? ఆ అక్షరంలో ఇదే 200సి దూరితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా జనం దాన్ని ఒకరికొకరు పంపుకుని ఏడిపించుకున్నారు. అలాంటిది నాకు దొరికితే గుట్టుగా తయారీదారుకే రాస్తాను. సరిచేసిన వెర్షన్ వచ్చాకే నా పేజీ పైకి వస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు ఏటా డొమైన్ (సైట్ పేరు) రెన్యువల్ మర్చిపోకండి. ఫైళ్ల కాపీ ఇంకోచోట ఉంచండి. తుఫాను వస్తే మా షాపులోకి నీళ్లొస్తాయి, అందుకే నా పెన్‌డ్రైవ్ ఒకటి అమలాపురంలో మా చెల్లి ఇంట్లో ఉంటుంది.