ఫైబర్‌గ్లాస్ ఫిన్ల సెట్: రుషికొండలో మూడు నెలలు వాడాక

మూడు నెలల కిందట నా సర్ఫింగ్ బోర్డు అమ్మేద్దామనుకున్నాను. రుషికొండలో కెరటం అందుకుని లేచి నిలబడేదాకా అంతా బాగుండేది, పక్కకు తిప్పబోతే చాలు, తడి సబ్బు మీద కాలేసినట్టు వెనక భాగం జారిపోయేది. చివరికి చూస్తే తప్పు బోర్డుది కాదు, దాంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ ఫిన్లది, అంటే బోర్డు అడుగున వెనకవైపు బిగించే చిన్న రెక్కలది. కొస పట్టుకుని రెండు వేళ్లతో నొక్కితే వంగిపోతున్నాయి.

ఆన్‌లైన్‌లో ఫైబర్‌గ్లాస్ థ్రస్టర్ సెట్ తెప్పించాను. మూడు ఫిన్లు, మీడియం సైజు. మీడియం అంటే సుమారు 65 నుంచి 80 కిలోల వాళ్లకి, నేను 70. బరువుకి మించి పెద్దవి వేస్తే బోర్డు మొండికేస్తుంది, మరీ చిన్నవైతే పట్టు ఉండదు.

ఒడ్డున బిగిస్తుంటే వలలు సర్దుకుంటున్న ఒక బాబాయ్ వచ్చి, "ఏట్రా ఇది, చుక్కాని ఒకటి సాలదా? మూడెందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. ఒంటి ఫిన్ బోర్డు తిన్నగా పోతుంది గానీ త్వరగా తిరగదు, రెండు ఫిన్లది చురుగ్గా తిరుగుతుంది గానీ పెద్ద కెరటంలో జారుతుంది. ఆ బాధ పడలేకే ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ 1980లో మూడూ ఒకే సైజువి పెట్టి, మరుసటి ఏడాది బెల్స్ బీచ్ పోటీ ఆ బోర్డు మీదే గెలిచాడు.

పక్క ఫిన్ ఒకటి బాబాయ్ చేతికిచ్చాను. లోపలివైపు చదును, బయటివైపు ఉబ్బు, ముందు అంచు మందంగా, వెనక అంచు పల్చగా ఉంటుంది, విమానం రెక్క లాగే. మధ్యదానికి రెండువైపులా ఒకే ఉబ్బు. పక్కవి బోర్డు ముక్కు వైపు కొంచెం లోపలికి తిరిగి, కొసలు బయటికి వాలి ఉంటాయి. బోర్డు ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఫిన్ నీళ్లలో లోతుగా దిగి, ఏటవాలుగా తగిలే నీటి ఒత్తిడిని పట్టుకుని బోర్డును కెరటానికి అంటిపెట్టుకునేలా చేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ ఆ ఒత్తిడికి వంగిపోతే బలమంతా అక్కడే వృథా అయిపోతుంది, నా బోర్డు జారింది అందుకే.

మొదటి రోజే తేడా తెలిసింది. వెనక కాలితో నొక్కగానే బోర్డు నిలబడి తిరిగింది, తిరిగాక వేగం కూడా తగ్గలేదు. ఈ సెట్‌లో ఫిన్లు వెనక్కి బాగా వాలి ఉన్నాయి కాబట్టి మలుపు పొడుగ్గా, సాఫీగా వస్తుంది. ఉన్నచోటే గిర్రున తిరగాలనుకునేవాళ్లు నిటారుగా ఉండేవి చూసుకోవాలి. మోకాలెత్తు కెరటాల రోజున మాత్రం పెద్ద తేడా ఉండదు, నైరుతి గాలులకు కెరటాలు లేచినప్పుడే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. స్క్రూలు బిగించే అలెన్ కీ పెట్టెలో లేదు, విడిగా కొన్నాను. ఒక స్క్రూ రెండు వారాలకే తుప్పు పట్టింది, మంచినీళ్లతో కడగడం ఒక్కరోజు మానేసినా ఉప్పు ఊరుకోదు. బోర్డులో ఫిన్ దిగే గాడి, అదే ఫిన్ బాక్సులో, ఇసుక రేణువు ఉన్నా ఫిన్ పూర్తిగా కూర్చోదు, బిగించే ముందు బ్రష్‌తో దులపండి.

ఇంకోటి, అంచులు చాలా పదును. కొత్తగా నేర్చుకుంటున్న మా మేనల్లుడు ఇవే కావాలన్నాడు, వాడి సాఫ్ట్ బోర్డుకు వచ్చిన మెత్తటి ఫిన్లే ఉంచమన్నాను. నా పిక్క మీద ఈ ఫిన్ కోసిన గీత ఇంకా మానలేదు.