డైవింగ్ బూట్ల డ్రయ్యర్: హీటర్ తీసేశాకే నాకు పూర్తిగా నచ్చింది

డైవింగ్ బూట్లను పైపైన ఆరబెట్టడం పెద్ద పనేమీ కాదు. వేళ్లుండే కొసలో దాక్కున్న తడిని తీయడమే అసలు కష్టం. అందుకే కొన్నేళ్లుగా వాడుతున్న ఈ కరెంటు డ్రయ్యర్‌ను ఆ కొసను బట్టే అంచనా వేస్తున్నాను. దీని నిలువు గొట్టాలను పైకి సాగదీసి, బూట్లను తలకిందులుగా తొడిగితే, ఫ్యాను గాలి నేరుగా వేళ్ల దగ్గరికి చేరి మడమ మీదుగా బయటికి వస్తుంది. దీనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఆ గాలి దారే.

మాది ఒడిశాలోని బరంపురం. గోపాలపూర్ తీరం ఇంత దగ్గరగా ఉన్నా డైవింగ్‌కు మాత్రం విశాఖకే వెళ్తాం. తిరుగు రైలులో బూట్లు ప్లాస్టిక్ సంచిలో మగ్గి, ఇంటికి చేరేసరికి ముక్కిన వాసన కొడతాయి. ఈ బూట్లు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు నురుగుతో చేసినవి, ఆ నురుగులోని గాలి గదులు మూసుకుని ఉంటాయి కనుక నురుగు నీటిని పెద్దగా పీల్చుకోదు. తడినంతా పట్టి ఉంచేది దానికి అతికించిన నైలాన్ గుడ్డ, లోపలి మెత్తటి అస్తరు. ఆ అస్తరులో ఉప్పు మిగిలితే ఏ యంత్రమూ పనిచేయదు, ఎందుకంటే గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పే నీటిని లాక్కొని కరగడం మొదలుపెడుతుంది, మా తీరంలో వానాకాలమంతా తేమ ఆ గీతకు పైనే ఉంటుంది. కుట్ల వెంట తెల్లటి చార కనిపించిందంటే మంచినీళ్లలో మళ్లీ నానబెట్టాల్సిందే.

మొదట్లో నేను ఈ డ్రయ్యర్‌ను మెచ్చుకున్నది దాని వెచ్చటి గాలిని చూసి. ఒక భాద్రపదం రాత్రి ఆ మెప్పు సగానికి సగం తగ్గింది. ఎప్పటిలాగే టైమరు పెట్టి పడుకున్నాను. నడిరాత్రి రబ్బరు కమురు వాసనకు మెలకువ వచ్చి వెళ్లి చూస్తే, గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది, ఒక బూటు ముందుభాగంలో అడుగు రబ్బరు గోరు పట్టేంత మేర పైకి లేచింది. వేడికి జిగురు మెత్తబడి సాగుతోంది. కొన్నచోట అడిగితే గడువు తీరిపోయిందన్న ఒక్క మాటతో సరిపెట్టారు. మా వీధిలో మోటార్లు బాగుచేసే పెద్దాయన విప్పి చూసి, థర్మోస్టాట్‌లోని కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోయాయని, వేడి ముదిరినా కరెంటు తెగడం లేదని చూపించాడు. "హీటరు తీసేస్తాను బాబూ, మీకు గాలి చాలు" అన్నాడు. లేచిన రబ్బరును నేనే శుభ్రం చేసి, రెండు వైపులా నియోప్రీన్ జిగురు పలుచగా రాసి, అది కాస్త ఆరాక గట్టిగా నొక్కి అతికించాను. ఇప్పటికీ నిలిచే ఉంది.

ఆశ్చర్యమేమిటంటే, ఉత్త గాలితోనే పని జరుగుతోంది. మడత పెట్టిన పేపరు ముక్కను వేళ్ల కొసలోకి దూర్చి, కాసేపాగి తీసి చూస్తాను. మాఘ, ఫాల్గుణ మాసాల్లో సాయంత్రం తొడిగిన బూటులోంచి ఆ పేపరు తెల్లవారేసరికి పొడిగా, గలగలలాడుతూ వస్తోంది. ఎండలో పడేస్తే ఇంతకన్నా త్వరగా ఆరవచ్చు గానీ, ఎండ నియోప్రీన్‌ను బిరుసెక్కిస్తుంది, పగుళ్లు తెస్తుంది. ఖరీదైన బూట్లను అలా పాడుచేసుకోవడం నాకు మనసొప్పదు.

అయితే రాత్రికి రాత్రే ఆరుతాయని ఇదివరకు తెలిసినవారందరికీ చెప్పిన మాటను వానాకాలానికి వర్తింపజేయలేను. బయటి గాలే తడిసి ఉన్నప్పుడు దాన్ని ఎంతసేపు ఊదినా ప్రయోజనం తక్కువ. గాలిని కొద్దిగా వెచ్చబరిస్తేనే అది తేమను మోసుకుపోతుంది. ఆ విషయంలో హీటరు ఉండటం న్యాయమే. శ్రావణంలో మా ఇంట్లో మరునాటి సాయంత్రం దాకా పడుతోంది, మధ్యలో కరెంటు పోతే ఇంకా ఆలస్యం. ఏసీ గదిలో పెట్టుకోగలవారికి ఈ ఇబ్బంది ఉండకపోవచ్చు, అక్కడి గాలి ముందే పొడిగా ఉంటుంది కనుక. ఇంకొక జాగ్రత్త: నీరు కారుతున్న బూటును వెంటనే తొడిగితే చుక్కలు గొట్టం వెంట మోటారులోకి దిగుతాయి. ముందుగా దండేనికి తలకిందులుగా వేలాడదీసి, కారడం ఆగాకే తొడగాలి.

తరచుగా సముద్రంలోకి దిగుతూ, ఆరని బూట్లనే మళ్లీ తొడుక్కోవలసివచ్చే నాబోటివారికి ఇది డబ్బుకు తగిన వస్తువే. సెలవుల్లో ఎప్పుడో అండమాన్ వెళ్లివచ్చేవారు పాత పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ ఫ్యాను కింద పెట్టుకున్నా సరిపోతుంది. కొనదలచినవారు హీటరుకు విడి స్విచ్చి ఉందో లేదో చూసి, మీ బూటునే తీసుకెళ్లి గొట్టం వేళ్ల దాకా చేరుతోందో లేదో తొడిగి చూసుకోండి.