వార్ థండర్: జెట్ల దాకా ఎక్కనివాడి రివ్యూ

రోజంతా ఇంకొకరి జమాఖర్చులు సరిచూడటం నా ఉద్యోగం. అందుకేనేమో, ‘ఉచితం’ అన్న మాట కనిపిస్తే దాని వెనక ఏం రాసుందో చదవకుండా ముందుకెళ్లలేను. వార్ థండర్ అనే ఉచిత ఆన్‌లైన్ యుద్ధ వీడియో ఆట విషయంలోనూ అంతే. విమానం ఎక్కకముందే దుకాణం, కరెన్సీలు, ఒకదాని తర్వాత ఒకటిగా విమానాలు తెరుచుకునే రీసెర్చ్ చెట్టు అన్నీ తిరగేశాను. ఆ పుస్తకాలు చూసినప్పుడు కలిగిన అభిప్రాయం ఒకటి, ఆకాశంలో తిరిగినప్పుడు కలిగింది ఇంకొకటి. ఆకాశం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నేను ఇంకా ఈ ఆట ఆడుతున్నది దాని కోసమే.

తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. గైజిన్ ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్ల ఆట ఇది. 2012 నవంబరులో ఓపెన్ బీటాగా, అంటే అందరూ ఆడి చూడగల ప్రయోగ రూపంలో వచ్చింది, 2016 డిసెంబరులో అధికారికంగా విడుదలైంది. విండోస్, మ్యాక్, లినక్స్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, అన్నిట్లోనూ నడుస్తుంది. ట్యాంకులు, ఓడలు, హెలికాప్టర్లు కూడా ఉన్నాయి గానీ వాటి జోలికి నేను పోలేదు. విమానాల మటుకు 1930ల నాటి రెండు రెక్కల బైప్లేన్ల నుంచి ఈనాటి జెట్ల వరకు, అమెరికా, జర్మనీ, సోవియట్, బ్రిటన్, జపాన్ మొదలుకొని పది దేశాలవి ఉంటాయి.

ఆడే పద్ధతులు మూడు. ఆర్కేడ్‌లో గుళ్లు గాల్లోనే నిండిపోతాయి. శత్రువు ఇంకాసేపటికి ఎక్కడ ఉంటాడో ఆటే లెక్కగట్టి ఒక గుర్తు చూపిస్తుంది, దాని మీద మౌస్ పెట్టి నొక్కడమే. కూలిపోతే ఇంకో విమానంతో మళ్లీ రావచ్చు. చెయ్యి తిరగడానికి మంచిదే. సిమ్యులేటర్‌లో కాక్‌పిట్‌లోంచి మాత్రమే చూడాలి, ఎవరు మనవాడో ఎవరు పరాయివాడో రెక్కల మీది గుర్తులు చూసి పోల్చుకోవాలి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న రియలిస్టిక్‌లోనే నా మకాం.

ఇందులో అటు పదహారు మంది, ఇటు పదహారు మంది దాకా ఉంటారు. ఫైటర్ తీసుకుంటే రన్‌వే మీంచే లేవాలి. ఒక్కటే ప్రాణం. గుళ్లు అయిపోతే మన ఎయిర్‌ఫీల్డ్‌కి తిరిగొచ్చి, చక్రాలు దించి, పూర్తిగా ఆగి, నింపుకొని మళ్లీ లేవాలి. ఎక్కడ కాల్చాలో చూపించే గుర్తు ఉండదు, ఎదుటివాడి వేగాన్ని కంటితోనే అంచనా కట్టుకోవాలి. బయల్దేరే ముందు ఎంత ఇంధనం పోయాలో కూడా మనమే తేల్చుకోవాలి. నిండుగా పోస్తే బరువెక్కి మలుపు తిరగదు. మరీ పిసినారితనం చూపిస్తే పోరు మంచి రసపట్టులో ఉండగా ఇంజను ఆగిపోతుంది.

మొదటి కొన్ని నిమిషాలు ఏమీ జరగదు. ఎక్కడం, ఎక్కడం, ఇంకా ఎక్కడం. ఇంజను వేడెక్కుతోందా అని ఒక కన్ను, మేఘాల మీద ఒక కన్ను. ఇది భరించలేక చాలామంది నేరుగా మైదానం మధ్యలోకి దూసుకెళ్లి, ఎదురుగా వచ్చేవాడితో ముక్కూముక్కూ ఆనించినట్టు కాల్పులు జరిపి, ఇద్దరూ ఒకేసారి పోతారు. రెండు వైపులా సగం జనం ఇలా ఖాళీ అయ్యాక అసలు ఆట మొదలవుతుంది, అప్పటికి పైన ఉన్నవాడిదే రాజ్యం.

నా భాషలో చెప్పాలంటే ఎత్తు బ్యాంకులో వేసుకున్న డబ్బు, వేగం జేబులో ఉన్న డబ్బు. ఒకదాన్ని ఇంకోదానిగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మార్చిన ప్రతిసారీ గాలి కొంత కోసుకుంటుంది. ఆ కోత లెక్కలోకి తీసుకోకపోతే, గంటకు 400 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం వెయ్యి మీటర్లు కిందికి దిగితే 640 అందుకుంటుంది. కింద గిరికీలు కొడుతున్నవాడు ప్రతి మలుపులోనూ జేబు ఖాళీ చేసుకుంటూ ఉంటాడు. పైనుంచి ఒకసారి దిగి, అర సెకను కాల్చి, తగిలినా తగలకపోయినా ఆగకుండా మళ్లీ పైకి పోవడమే పద్ధతి. ఆటగాళ్లు దీన్ని బూమ్ అండ్ జూమ్ అంటారు. తగల్లేదని వెనక్కి తిరిగి వెంటపడాలనిపిస్తుంది చూడండి, ఆ యావను అణచుకోగలిగితే సగం నేర్చుకున్నట్టే.

ఏ విమానానికి ఏ స్వభావమో ఆ స్వభావాన్ని ఆట బాగా పట్టుకుంది. జపాన్ జీరో (ఏ6ఎం2) ఖాళీ బరువు 1,700 కిలోల లోపే. నెమ్మదిగా పోతున్నప్పుడు దానితో మలుపుల్లో పోటీ పడటం వృథా. అదే జీరో వేగం పెరిగేకొద్దీ బిగుసుకుపోతుంది, ఎంత తిప్పినా దొర్లదు. కవచం లేదు, తనంతట తాను పూడుకునే ఇంధన ట్యాంకులూ లేవు, కాబట్టి నాలుగు గుళ్లు తగిలితే చాలు, అంటుకుంటుంది. దాని 20 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండిటికీ తలా 60 గుళ్లే. నొక్కి పట్టుకుంటే ఏడు సెకన్లలో ఖాళీ.

దానికి సరిగ్గా ఎదుటి కొసన ఉంటుంది అమెరికా పి-47 థండర్‌బోల్ట్. ఖాళీగానే దాదాపు నాలుగున్నర టన్నులు, రెక్కల్లో ఎనిమిది 12.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్లు. కింద తిప్పబోతే దున్నపోతే. పైకి తీసుకెళ్లడానికి ఓపిక ఉన్నవాడి చేతిలో మాత్రం దాన్ని డైవ్‌లో తరిమి పట్టుకోగలిగినవి చాలా తక్కువ. నాకు నచ్చిన విమానం ఇదే. నాతోపాటు ఆడే కుర్రాళ్లు దీన్ని ఎందుకు తిట్టుకుంటారో కూడా నాకు అర్థమవుతుంది.

చిన్న వివరాల్లో నాకు ముచ్చటేసింది తొలినాటి బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ల ఇంజను. ముక్కును ఉన్నపాటున కిందికి తోస్తే ఇంజను దగ్గి, ఆగినట్టే అవుతుంది. నిజంగానూ అంతే జరిగేది. వాటి మెర్లిన్ ఇంజనులో ఫ్లోట్ కార్బురేటర్ ఉండటం వల్ల అలాంటప్పుడు ఇంధనం సరిగా అందేది కాదు. జర్మన్ మెసర్‌ష్మిట్ 109లో ఇంధనాన్ని నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఏర్పాటు ఉండటంతో వాళ్లు ముక్కు దించి తప్పించుకుపోయేవారు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు ఒక చిన్న లోహపు బిళ్లతో దీన్ని చాలావరకు సరిచేశారు. ఈ కథ చదివితే ఒక తీరు. తోకమీద కూర్చున్న 109 నుంచి తప్పించుకోబోయి మన ఇంజనే దగ్గినప్పుడు తెలిసేది ఇంకో తీరు.

తుపాకుల దగ్గర ఒక సలహా. రెక్కల్లో తుపాకులున్న విమానమైతే రెండు వైపుల గుళ్లూ ఎంత దూరంలో కలవాలో సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. నేను 300 మీటర్లకు పెట్టుకుంటాను, అంతకు దూరం నుంచి కాల్చను. గుళ్ల బెల్టుల్లో ట్రేసర్లు (వెలుగుతూ పోయే గుళ్లు) లేని స్టెల్త్ రకం దొరికితే అదే వేసుకోండి. పక్కనుంచి వెలుగు గీతలు పోకపోతే తగిలేదాకా ఎదుటివాడికి తెలియదు.

ఇక లెక్కల పుస్తకం. ఆట కరెన్సీల్లో సిల్వర్ లయన్లు ఆడి సంపాదించేవి, గోల్డెన్ ఈగిల్స్ ప్రధానంగా డబ్బు పెట్టి కొనేవి. రీసెర్చ్ పాయింట్లతో కొత్త విమానం తెరుచుకుంటుంది, లయన్లతో కొనుక్కోవాలి. కొన్నాక కూడా అది సగం విమానమే. ఇంజను మెరుగులు, మంచి గుళ్లు, రెక్కల మరమ్మతులు ఒక్కొక్కటీ మళ్లీ ఆడి తెరవాలి. అన్నీ తెరిచిన విమానంతో ఆడితే ‘కన్వర్టిబుల్’ పాయింట్లు పోగుపడుతుంటాయి. అంకె మన పేరు మీదే పెరుగుతూ కనిపిస్తుంది, వాడుకోవాలంటే మాత్రం గోల్డెన్ ఈగిల్స్ చెల్లించాలి. సొంత డబ్బు తీసుకోవడానికి రుసుము కట్టించుకునే ఈ ఏర్పాటును చూసి వృత్తిరీత్యా మెచ్చుకున్నాను, ఆటగాడిగా నవ్వుకున్నాను.

పైకి వెళ్లేకొద్దీ ఒక్కో విమానానికి కావలసిన పాయింట్లు పెరిగిపోతాయి. ఈ బరువు మీద ఆటగాళ్ల అసంతృప్తి 2023 మేలో పేలింది. ఆటలు అమ్మే స్టీమ్ సైట్‌లో ప్రతికూల రివ్యూలు వెల్లువెత్తడంతో, ఆట సంపాదన లెక్కల్లో తలపెట్టిన మార్పులను కంపెనీ వెనక్కి తీసుకుంది. తర్వాత ఏమేం సడలిస్తుందో ఒక జాబితా ప్రకటించి, చాలావరకు అమలు చేసింది కూడా. దారి సులువైంది గానీ పొట్టిదేమీ కాలేదు. డబ్బు పెట్టకుండా పై జెట్లను అందుకోవచ్చు అన్నది అక్షరాలా నిజమే. దానికి ఎన్ని సాయంత్రాలు కావాలో లెక్క వేసుకుని చూస్తే చాలామంది దుకాణం వైపు చూస్తారు, ఆ చూపు కోసమే ఆ దారి అంత పొడుగు.

నా మాట వింటే అంత దూరం పోనే వద్దు. జెట్లలో రాడార్లు, క్షిపణులు, వాటిని దారి తప్పించే ఫ్లేర్లు ఉంటాయి. 2024 మార్చిలో తమంతట తామే లక్ష్యాన్ని వెతుక్కునే ఏఐఎం-120, ఆర్-77 లాంటి క్షిపణులు కూడా వచ్చాక, ఎదుటివాడి విమానం కంటికి కనపడకముందే కథ ముగిసిపోవచ్చు. డబ్బు పెట్టి ప్రీమియం జెట్ కొనుక్కొని తిన్నగా అక్కడికే వచ్చిపడే కొత్తవాళ్లు కూడా ఉంటారు. నేను పైన చెప్పిన ఎత్తు, వేగం, అర సెకను కాల్పు, కార్బురేటర్ దగ్గు, ఇవన్నీ పంకా (ప్రొపెల్లర్) విమానాల అంతస్తుల్లోనే ఉన్నాయి. ఆ అంతస్తులు కొద్ది వారాల్లో తెరుచుకుంటాయి, ఖర్చేమీ లేదు. ఆట మిమ్మల్ని అక్కడ నిలవనివ్వదు, యుద్ధం ముగిసిన ప్రతిసారీ తర్వాతి విమానం ఊరిస్తూ కనిపిస్తుంది. ఊరించనివ్వండి.

వాస్తవికత మీద ఈ ఆట జనానికి ఎంత పట్టుదలో చెప్పడానికి ఒక ముచ్చట. 2021లో ఒక ఆటగాడు బ్రిటిష్ చాలెంజర్ 2 ట్యాంకు ఆటలో సరిగా లేదని రుజువు చేయడానికి రహస్య పత్రాల్లోంచి ఒక భాగం బయటపెట్టాడు. కంపెనీ దాన్ని తీసేసింది. ఆ తర్వాత కూడా ఇలాంటివి జరుగుతూనే ఉన్నాయి. వాదన గెలవడానికి మనిషి ఎంతకు తెగిస్తాడో!

డబ్బు పెట్టి తీరాలనుకుంటే లయన్లు, పాయింట్లు ఎక్కువగా వచ్చే ప్రీమియం ఖాతా ఒక నెలకు తీసుకుని చూడండి, లేదా కింది ర్యాంకుల్లో ఒక ప్రీమియం పంకా విమానం కొనుక్కోండి. జెట్ ప్యాకుల జోలికి పోకండి. జాయ్‌స్టిక్ గురించి చాలామంది అడుగుతారు. రియలిస్టిక్‌లో మౌస్ ఎటు చూపిస్తే విమానం అటు తిరిగేలా ఆటే రెక్కలను సర్దుతుంది, ఆ కచ్చితత్వం జాయ్‌స్టిక్ పట్టుకున్నవాడికి దొరకదు. కాబట్టి సిమ్యులేటర్ మీద మనసు పడితే తప్ప ఆ ఖర్చు పెట్టుకోవద్దు, ఉన్న మౌస్ చాలు.