పాత కార్ల ప్రదర్శన: బండ్లకు వంక పెట్టలేం, ఏర్పాట్లను మెచ్చుకోలేం

హైదరాబాద్‌లోని పాత కార్ల యజమానుల సంఘం ఒకటి ఈ ఫిబ్రవరిలో ఒక ఆదివారం నాడు నిర్వహించిన వార్షిక ప్రదర్శనలో నా పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారుతో పాల్గొన్నాను. వచ్చిన కార్లు, వాటిని అంత శ్రద్ధగా కాపాడుకుంటున్న యజమానులు ఎంతైనా ప్రశంసకు అర్హులు. అయితే ఆ రోజు జరిగిన ఏర్పాట్ల మీద సభ్యుల మధ్య మొదలైన వాదం ఇప్పటికీ చల్లారలేదు. రెండు పక్షాల మాటలూ విన్నాక, తప్పు నిర్వాహకులదేనన్న అభిప్రాయానికి వచ్చాను. ముఖ్య అతిథి గురించి, చూడవచ్చే జనం గురించి ఆలోచించినంతగా వారు కార్ల గురించి ఆలోచించలేదు. ఏ కారుకు ప్రవేశం ఉంటుంది, బహుమతి దేన్ని చూసి ఇస్తారు అన్న నియమాలను ముందుగా కాగితం మీద పెట్టలేదు.

ఊరేగింపు నెక్లెస్ రోడ్డు నుంచి ఉదయం ఏడు గంటలకు బయలుదేరుతుందని మాకు తెలియజేశారు. ముఖ్య అతిథి రాక ఆలస్యం కావడంతో జెండా ఊపేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆ తరువాత ఖైరతాబాద్, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా గచ్చిబౌలి దాటి శివారులోని రిసార్టుకు వెళ్లాలి. ఈ దారిలో మొదటి గేరులోనే పాకుతూ వెళ్లడం అంటే పాత ఇంజన్‌కు ఎంత శిక్షో బండి నడిపేవారికే తెలుస్తుంది. ఈ కార్లలో రేడియేటర్ వెనుక ఉండే ఫ్యాన్ ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగా తగిలే గాలి కూడా అప్పుడు ఉండదు. చెక్‌పోస్ట్ ఎత్తు ఎక్కేటప్పుడు నా ముందున్న మోరిస్ మైనర్ ఆగిపోయింది. పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి, దాన్ని గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌కు అందలేదు. దాని యజమాని బానెట్ ఎత్తి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి, అది చల్లబడేదాకా నడిరోడ్డు మీద నిలబడ్డారు. వెనుక నుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఊరేగింపు వెంట మెకానిక్ వాహనం ఒకటి వస్తుందని రిజిస్ట్రేషన్ ఫారంలో రాశారు గానీ, అది అతిథి కారు వెంటే ముందుకు వెళ్లిపోయింది. ఈ ఒక్క విషయంలో నిర్వాహకులు ఇచ్చిన ఏ సంజాయిషీ నాకు సమంజసంగా తోచలేదు.

ఇంగ్లండులో ఏటా నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్‌కు పాత కార్ల యాత్ర జరుగుతుంది. 1905కు ముందు తయారైన కార్లకే అందులో చోటు. హైడ్ పార్క్ నుంచి సూర్యోదయ వేళకే, అన్నిటికంటే పాత కారు ముందు, తరువాతివి వరుసగా బయలుదేరుతాయి. బండి వయసే అక్కడ హోదా. నెమ్మదిగా నడిచే వాటికి ఎక్కువ సమయం దొరికేలా చేసిన ఏర్పాటు అది. అంత చలి దేశంలోనే తెల్లవారుజామున కదులుతుంటే, మన ఎండలో తొమ్మిదిన్నరకు కదలడానికి కారణం ఏమిటి? వచ్చే ఏడాది ఆరు గంటలకే బయలుదేరి, అతిథి చేత జెండా ఊపించే కార్యక్రమాన్ని రిసార్టు దగ్గర పెట్టుకుంటే ఎవరి గౌరవానికీ భంగం కలగదు.

ఇంతకంటే పెద్ద గొడవ ప్రవేశద్వారం దగ్గర జరిగింది. వరంగల్ నుంచి ఒకావిడ తన 1985 నాటి మారుతి 800ను స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. 1986లో ఆకారం మారకముందు వచ్చిన మొదటి తరం బండి అది. సీట్ల గుడ్డ, డాష్‌బోర్డు, చక్రాల మీద మూతలు అన్నీ కంపెనీ ఇచ్చినవే. "రోజూ రోడ్డు మీద కనబడే బండే కదా మేడమ్, ఇది క్లాసిక్ ఎట్లయితది?" అంటూ అక్కడి కార్యకర్త ఆమెను సందర్శకుల పార్కింగుకు పంపించేశాడు. అదే గేటులోంచి, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎం.జి. ఆకారంలో ఫైబర్ బాడీ కట్టించి, లోపల కొత్త ఇంజన్ పెట్టించిన బండి ఒకటి వచ్చి ముందు వరుసలో నిలబడింది.

పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా లెక్కలో కనీసం 30 ఏళ్ల వయసుండి, చారిత్రకంగా సరైన స్థితిలో కాపాడబడి, రోజువారీ రవాణాకు వాడనిది పాత వాహనం. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల్లో మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటినవే వింటేజ్ వాహనాలు. నంబరు ప్లేటు మీద వి.ఎ. అన్న అక్షరాలు వచ్చేవి వాటికే. ఛాసిస్ (బండి అడుగు చట్రం), బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి. ఫీవా వయసు లెక్కలో ఆ మారుతికి అర్హత ఉంది, కేంద్రం లెక్కలో లేదు. సంఘం ఈ రెండింటిలో ఏది పాటించినా నాకు అభ్యంతరం ఉండేది కాదు. కానీ ఫైబర్ బాడీ బండి ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలోనూ ఇమడదు. ఫారంలో "పాత, అరుదైన కార్లు" అన్న మూడు మాటలు తప్ప మరేమీ లేవు. అందుకే గేటు దగ్గర నిలబడ్డ కుర్రవాడి కంటికి నచ్చిందే నియమమైంది. 1983 డిసెంబరులో మొదలైన మారుతి మన రోడ్ల తీరునే మార్చేసింది. ఆ తొలి బండ్లలో కంపెనీ రూపంలో మిగిలినవాటికి ఇప్పుడు చోటు ఇవ్వకపోతే, వాటిని తుక్కుకు పోకుండా ఆపేదెవరు?

బహుమతుల దగ్గరికి వస్తే, న్యాయనిర్ణేతలు ఒక్క బానెట్ కూడా తెరిపించలేదు. ఇంజన్ నంబరు చూడలేదు, ఇంజన్ స్టార్ట్ చేయమనలేదు, హారన్, ఇండికేటర్లు పనిచేస్తున్నాయో లేదో అడగలేదు. ఉత్తమ భారతీయ కారు బహుమతి అలాయ్ చక్రాలు, పవర్ స్టీరింగు, వేరే ఇంజన్ వేయించుకుని అద్దంలా మెరుస్తున్న అంబాసిడర్‌కు దక్కింది. దాని పక్కనే ఉన్న ల్యాండ్‌మాస్టర్‌ను ఎవరూ పట్టించుకోలేదు. అంబాసిడర్‌కు ముందు బెంగాల్‌లోని ఉత్తరపాడాలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్ ఆధారంగా తయారైన కారు అది. పెయింటు కొంత వెలిసినా, తలుపు చుట్టూ రబ్బరు దగ్గర నుంచి మీటర్ల మీది అంకెల దాకా పాతదనం చెక్కుచెదరలేదు. మార్పులు చేసుకున్న కార్లను తరిమేయాలని నేను అనడం లేదు. వాటిలోనూ మంచి పనితనం కనిపిస్తుంది. వాటికి వేరే విభాగం పెట్టి, ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే ప్రకటించి, పోటీ ముగిశాక ఎవరి మార్కుల కాగితం వారికి ఇవ్వాలి.

నీడ గురించి కూడా చెప్పాలి. చెట్ల కింద చోటంతా స్పాన్సరు కంపెనీ కొత్త కార్లకు ఇచ్చి, పాత కార్లను ఎర్రటి ఎండలో నిలబెట్టారు. చుట్టూ తాడు కట్టకపోవడంతో పిల్లలు మడ్‌గార్డుల మీద కూర్చున్నారు. హెరాల్డ్ ముందు భాగమంతా ఒకే రేకుగా ముందుకు వంగి తెరుచుకుంటుంది. దాన్ని ఇంజన్ చూపించడానికి తెరిచి పెట్టిన కాసేపటికే ఎవరో ఫొటో కోసం దానికి చేరగిలబడటంతో కీలు దగ్గర సొట్ట పడింది. పిల్లలను, తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ముట్టుకోవద్దని చెప్పే బోర్డు ఒక్కటైనా పెట్టాల్సింది. భోజనం మాత్రం బాగుంది, ఇరానీ చాయ్‌కి కొదవ లేదు.

సంఘంలోని పెద్దల వాదన ఏమిటంటే, ముఖ్య అతిథి పేరు లేకపోతే ట్రాఫిక్ పోలీసుల అనుమతి తేలిగ్గా రాదు, స్పాన్సరు లేకపోతే రిసార్టు అద్దె కట్టలేం, జనం రాకపోతే కొత్త సభ్యులు చేరరు. ఇవి తోసిపుచ్చదగిన మాటలు కావు. ఊరికే పని చేస్తున్నవారి మీద నోరు పారేసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. కానీ బయలుదేరే సమయం, రాతపూర్వకమైన ప్రవేశ నియమాలు, మార్కుల కాగితం, కొన్ని గజాల తాడు, వెనుక వచ్చే మెకానిక్ వాహనం, వీటిలో ఏ ఒక్కటీ స్పాన్సరు డబ్బుతో గానీ అతిథి హోదాతో గానీ ముడిపడి లేదు. సర్వసభ్య సమావేశంలో ఈ మాటే చెప్పాను. పరిశీలిస్తామన్నారు.

అరుదైన కార్లను ఒకేచోట చూడాలనుకునే సందర్శకులకు ఈ ప్రదర్శన నిస్సందేహంగా వెళ్లదగినదే. పదకొండు గంటల తరువాత నేరుగా రిసార్టుకు వెళ్తే సరిపోతుంది. కారుతో పాల్గొనదలచినవారు మాత్రం తమ బండికి ప్రవేశం ఉందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి, జవాబు అందాకే రుసుము చెల్లించాలి. నీళ్ల డబ్బా, ఫ్యాన్ బెల్టు, రెండు పాత తువ్వాళ్లు వెంట ఉంచుకోవాలి. ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి, పాత రబ్బరు పైపులు మార్చనివారు అది కలిసిన పెట్రోలుతో ఈ ఊరేగింపుకు రాకపోవడం మంచిది. ఏర్పాట్లకు నేను అయిదింటికి రెండు మార్కులు ఇస్తున్నాను. ప్రవేశ నియమాలను ముద్రించి సభ్యులకు పంపిన రోజున ఆ అంకెను మార్చడానికి సిద్ధంగా ఉన్నాను.