నర్సింగ్ విద్యార్థినికి టెలీ మానస్ 14416 ఎంతవరకు అక్కరకొస్తుంది?

మానసిక ఆరోగ్యానికి సంబంధించిన ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ గురించి సాధారణ పరిచయాలు ఇప్పటికే చాలా వచ్చాయి కనుక, ఈ సమీక్షను నేను ఒకే ప్రశ్నకు పరిమితం చేస్తున్నాను. తెల్లవారకముందే లేచి కళాశాల బస్సులో పోస్టింగ్‌కు (ఆసుపత్రి వార్డులో శిక్షణకు) వెళ్లి, మధ్యాహ్నం తరగతులు విని, రాత్రి హాస్టల్ గదిలో కేర్ ప్లాన్ (రోగి సంరక్షణ ప్రణాళిక) రాసుకునే నర్సింగ్ విద్యార్థినికి ఈ నంబరు ఏ మేరకు ఉపయోగపడుతుంది? హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో ట్యూటర్‌గా ఉన్న నేను ఈ సేవకు స్వయంగా ఫోన్ చేశాను. వాడుకున్న విద్యార్థినులు తమంతట తాము చెప్పినంత మేరకు విన్నాను. తనను ఎరిగినవారెవరికీ తెలియకుండా, ఏ వేళలోనైనా, తెలుగులో మాట్లాడవలసిన అవసరం ఉన్న అమ్మాయికి ఇది మంచి సేవ అని నా అభిప్రాయం. అయితే రేపు మరో మహమ్మారి వస్తే విద్యార్థినుల బాధ్యతనంతా ఈ నంబరు మీద వేసి కళాశాలలు చేతులు దులుపుకోవడానికి మాత్రం ఇది సరిపోదు.

ఈ సేవను 2022 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, అదే ఏడాది అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు ప్రారంభించారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 14416కు గానీ 1800 891 4416కు గానీ రోజులో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు; తెలుగు సహా 20 భాషల్లో సేవ అందుతుంది. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరాన్ని బట్టి మానసిక వైద్య నిపుణులకు అప్పగిస్తారు లేదా ఆసుపత్రికి వెళ్లమని దారి చూపుతారు.

ఇటువంటిది ఎప్పుడు కావలసి వచ్చిందో గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు నమోదైంది. ఆ నెలాఖరుకు హాస్టళ్లు ఖాళీ అయి, పిల్లలు సిగ్నల్ అందని ఊళ్లలో చెట్ల కింద కూర్చుని పాఠాలు వినవలసి వచ్చింది. సూది వేయడం, క్యాథటర్ పెట్టడం వంటి ప్రొసీజర్లను ఫోన్ తెరపై చూసి నేర్చుకున్న బ్యాచ్ అది. చేసిన ప్రొసీజర్లను నమోదు చేసే లాగ్‌బుక్ నిండదేమో, పరీక్ష ఎప్పుడో, అసలు తాము నర్సులమవుతామా అన్న భయం ఒకవైపు ఉండగా, కోవిడ్ చికిత్స జరిగిన హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి దృశ్యాలను టీవీలో చూసిన తల్లిదండ్రులు చదువు మానెయ్యమని పోరుపెట్టడం మరోవైపు. రెండో ఉద్ధృతిలో పరిస్థితి తలకిందులైంది. 2021 మే 3న కేంద్రం, బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అర్హత గల నర్సులతో పాటు చివరి పరీక్షల కోసం ఎదురుచూస్తున్న ఆఖరి సంవత్సరం విద్యార్థులను కూడా సీనియర్ల పర్యవేక్షణలో కోవిడ్ విధులకు తీసుకోవచ్చునని ప్రకటించింది. 100 రోజుల విధులు పూర్తి చేసినవారికి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం ఇస్తామన్నది. ఏడాదిపాటు వార్డు ముఖమే చూడని పిల్లలు నేరుగా ఆక్సిజన్ పడకల మధ్యకు వెళ్లారు. పీపీఈ రక్షణ దుస్తులు వేసుకున్నాక మళ్లీ విప్పే వీలుండదని మంచినీళ్లు తాగడం మానుకున్నవారు, ఇంటికి వెళితే నాయనమ్మకు అంటిస్తామేమోనని పండుగకు కూడా హాస్టల్‌లోనే ఉండిపోయినవారు నా విద్యార్థినుల్లో ఉన్నారు.

ఇది మన దగ్గరి పిల్లల బలహీనతేమీ కాదు. ఇజ్రాయెల్‌లో తొలి లాక్‌డౌన్ కాలంలో ఒక కళాశాలకు చెందిన 244 మంది నర్సింగ్ విద్యార్థులను సర్వే చేయగా 42.8 శాతం మందిలో మధ్యస్థ స్థాయి ఆందోళన, 13.1 శాతం మందిలో తీవ్ర ఆందోళన కనిపించాయి. రక్షణ సామగ్రి కొరత, అంటుకుంటుందన్న భయం ఉన్నచోట ఆందోళన ఎక్కువగా ఉంది. మనోనిబ్బరం, హాస్యం ఉన్నవారిలో అది తక్కువగా ఉంది. సమస్య నుంచి మనసును పక్కకు తప్పించుకునే అలవాటు ఉన్నవారిలో ఎక్కువగా ఉంది. ఆ రోజుల్లో మా పిల్లలకూ ఒత్తిడిని కొలిచే ఆన్‌లైన్ ఫారాలు వచ్చిపడ్డాయి. పరిశోధన చేసేవారు అడిగారు, వీళ్లు నింపారు. మార్కులెంత వచ్చాయో తిరిగి చెప్పినవారు లేరు.

సహాయం దొరికే చోటు లేదా అంటే ఉంది. కానీ నర్సింగ్ విద్యార్థినికి ఆ చోటు చేరడం మిగతావారి కంటే కష్టం. ఈ నగరంలో మానసిక వైద్యమంటే అందరికీ ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలే గుర్తుకొస్తుంది. “నిన్ను ఎర్రగడ్డకు తోలాలె” అన్న ఎగతాళి బడిపిల్లల నోట కూడా వినిపిస్తుంది. నగరంలోని ఎన్నో కళాశాలల విద్యార్థినులు సైకియాట్రీ పోస్టింగ్ చేసేది కూడా అక్కడే. యూనిఫాంలో కేస్ హిస్టరీ రాసుకున్న వార్డుకు రోగిగా వెళ్లి, తన బ్యాచ్‌మేట్లు నోట్సు రాసుకుంటుండగా బెంచీ మీద కూర్చోవడానికి ఏ అమ్మాయి సిద్ధపడుతుంది? కళాశాల కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమందామా అంటే, చాలాచోట్ల ఆ బాధ్యత సైకియాట్రిక్ నర్సింగ్ బోధించే మేడమ్‌దే, ఇంటర్నల్ మార్కులు వేసేదీ ఆవిడే. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలోని తొమ్మిది ప్రశ్నలనూ కంఠతా చెప్పగల పిల్ల, వాటిని తనకు తాను వేసుకుని, వచ్చిన స్కోరును ఎవరికీ చూపలేక కాగితం చింపేస్తుంది. జర్మనీకో గల్ఫ్‌కో వెళ్లాలనుకునేవారికి, రికార్డులో పేరు పడితే ఉద్యోగం రాదన్న బెంగ దీనికి తోడవుతుంది. చికిత్స వివరాల గోప్యత 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు అని మేమే పాఠం చెబుతాం. పరీక్షలో రాసిన హక్కును నమ్మి తలుపు తట్టడానికి ధైర్యం వేరే కావాలి.

14416 బలమంతా ఇక్కడే ఉంది. అవతల మాట్లాడే వ్యక్తి మార్కులు వేయరు, హాజరు పట్టీ చూడరు, ఇంటికి ఫోన్ చేస్తామని బెదిరించరు. నేను చేసిన కాల్‌లో కళాశాల పేరు చెప్పలేదు, దాని వల్ల సంభాషణకు ఏ ఇబ్బందీ కలగలేదు. కౌన్సెలర్ మొదట నేను క్షేమంగా ఉన్నానో లేదో తెలుసుకుని, తర్వాత నిద్ర, తిండి, చుట్టూ ఎవరున్నారన్న సంగతులు తీరికగా అడిగారు. “ఇంత చిన్నదానికే ఏడుస్తారా, రేపు రోగులనేం చూస్తారు” అన్న మాట, మా వృత్తిలో పెద్దలు తరచూ అనే మాట, అక్కడ వినబడలేదు. నేను మెచ్చుకున్న మరో విషయం, ఉపదేశం చేయకపోవడం. రేపటి డ్యూటీలో ఏ ఒక్క పని ఎక్కువ భయపెడుతోందో తేల్చుకుని, దాని గురించి ఎవరిని అడగవచ్చో ఆలోచించమన్నారు. వాడుకున్న విద్యార్థినుల్లో ఒకామె, “అక్కా అని పిలవనిచ్చారు మేడమ్, అది చాలు” అన్నది.

పరిమితులూ స్పష్టంగా ఉన్నాయి. ఇది అందరి కోసం పెట్టిన సేవ, విద్యార్థుల కోసం ప్రత్యేకంగా రూపొందించినది కాదు. ఆందోళనకు మూలం గ్లవ్స్ కొరతో, ఆపకుండా వేసే నైట్ డ్యూటీలో, వాయిదా పడుతున్న పరీక్షలో అయినప్పుడు ఏ కౌన్సెలరూ రోస్టర్ మార్చలేరు. పై సర్వేలో రక్షణ సామగ్రి ప్రస్తావన ఊరికే రాలేదు. పైగా మహమ్మారి ఉద్ధృతి తగ్గిన తర్వాతే ఈ సేవ వచ్చింది. అంతకు ముందు 2020 సెప్టెంబర్‌లో సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 13 భాషల్లో, తెలుగులో కూడా, కిరణ్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ఆనాడు నేను పనిచేసిన కళాశాల నోటీసు బోర్డు మీద ఫీజు గడువులు కనిపించేవి కానీ ఆ నంబరు ఏనాడూ కనిపించలేదు. ప్రాణాపాయం ఉన్నచోట 14416తో సరిపెట్టుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా ఉండాలి. 2024 అక్టోబర్‌లో మొబైల్ యాప్ కూడా విడుదలైంది. స్వీయ సంరక్షణ సమాచారం చదువుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ రాత్రి ఏడుపు ఆగని వేళ నేను ఫోన్ కాల్‌నే సూచిస్తాను.

ఇక మిగిలినది సేవలోని లోపం కాదు, మాది. నలుగురు ఉండే గది నుంచి బయటికొచ్చి రహస్యంగా మాట్లాడడానికి మేడ మీదికి తప్ప వేరే చోటికి వెళ్లే వీలు లేదు, ఆ మేడ తలుపుకు ఎనిమిదింటికి తాళం పడుతుంది. పది గంటలకు ఫోన్లు తీసుకుని వార్డెన్ బీరువాలో పెట్టే హాస్టల్‌లో ఇరవైనాలుగు గంటల సేవకు అర్థం లేదు. ఈ ఏడాది పోస్టింగ్ షెడ్యూలు కింద 14416ను అచ్చు వేయించగలిగాను. కారిడార్ చివరి గదిని, అందులో ఒక ల్యాండ్‌లైన్‌ను, రాత్రంతా అందుబాటులో ఉంచమని రాసిన అర్జీకి యాజమాన్యం ఇంకా జవాబివ్వలేదు.