‘స్పీకర్ ప్రొటెక్షన్ ఉంది’ అంటే నమ్మి యాంప్లిఫయర్ కొనేయకండి

కొత్త యాంప్లిఫయర్ గానీ విడి యాంప్ బోర్డు గానీ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి, డబ్బులు తర్వాత కట్టొచ్చు. పెట్టె మీద ‘స్పీకర్ ప్రొటెక్షన్’ అని పెద్దక్షరాలు, ఆన్ చేశాక రెండు మూడు సెకన్లాగి లోపల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) టక్కుమనడం, ఈ రెండూ చూసి మన స్పీకర్లకేం భయం లేదనుకుంటాం. నా వూఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) సరిగ్గా అలాంటి యాంప్ చేతిలోనే పోయింది. వాల్యూమ్ సగం కూడా లేదు. ఉన్నట్టుండి ధబ్‌మని చప్పుడు, దాని కోన్ (ఊగి శబ్దం చేసే ముందు భాగం) బయటికి పొడుచుకొచ్చి అలాగే ఉండిపోయింది, ప్లగ్ పీకేలోపే వార్నిష్ మాడిన వాసన.

విప్పి చూస్తే రిలే ఉంది, కాదనను. కానీ అది ఆన్ చేసినప్పటి చప్పుడు స్పీకర్‌దాకా రాకుండా కాసేపు ఆపడానికే. ఔట్‌పుట్‌లోకి డీసీ (బ్యాటరీలోలా ఒకేవైపు పారే కరెంటు) వస్తే పసిగట్టి రిలేని కట్ చేయాల్సిన ట్రాన్సిస్టరూ, దాని పక్కన రెసిస్టర్లూ, కెపాసిటరూ ఎక్కడ రావాలో బోర్డు మీద చక్కగా అచ్చేసి ఉంది. రంధ్రాలు మాత్రం ఖాళీ! చిల్లర ఖర్చు మిగుల్చుకున్నారన్నమాట.

అమ్మినవాళ్లని అడిగితే వచ్చిన జవాబు, “మీరే సౌండ్ ఎక్కువ పెట్టుంటారు.” ఈ మాట మీకూ చెప్తారు కాబట్టి దీని సంగతి తెలుసుకోవాలి. యాంప్‌ని దాని శక్తికి మించి తోస్తే సిగ్నల్ పైనా కిందా తెగిపోతుంది, క్లిప్పింగ్ అంటాం. పూర్తిగా తెగి చదునైతే 50 వాట్ల యాంప్ కూడా 100 వాట్లదాకా ఇవ్వగలదు, అందులో ట్రెబుల్ పాలు పెరుగుతుంది, అందుకే అప్పుడు మామూలుగా ముందు పోయేది ట్వీటర్ (ట్రెబుల్ మోగించే చిన్న స్పీకర్). నా ట్వీటర్ ఇప్పటికీ మోగుతోంది, అంటే ఇది సౌండ్ ఎక్కువై జరిగింది కాదు, డీసీ పనే. ట్వీటర్ ముందు కెపాసిటర్ ఉంటుంది కనుక డీసీ దాని దగ్గరికి వెళ్లదు, వూఫర్‌కి ఆ అడ్డు లేదు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే సప్లై వోల్టేజీ మొత్తం వూఫర్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) మీదే పడుతుంది. 8 ఓమ్‌ల వూఫర్ కాయిల్‌ని మీటర్‌తో కొలిస్తే సుమారు 6 ఓమ్‌లే చూపిస్తుంది, సప్లై 35 వోల్టులైతే లెక్కేసుకోండి, 200 వాట్లు దాటుతుంది, అదీ కోన్ కదలకుండా, గాలి ఆడకుండా. వాల్యూమ్ సున్నాలో పెట్టినా అంతే. ఇదంతా చెప్తే “వారంటీ యాంప్‌కే, స్పీకర్‌కి కాదు” అని తేల్చేశారు.

కొనేముందు ఒక్కటే అడగండి: డీసీ వస్తే కనిపెట్టే సర్క్యూట్ ఉందా, ప్లస్‌కీ మైనస్‌కీ రెండింటికీ పనిచేస్తుందా? జవాబు చెప్పకుండా మళ్లీ వాట్లే చదువుతుంటే వదిలేయండి. (పీఎంపీఓ అని పెంచి రాసే వాట్ల అంకెలైతే అసలు చూడనే వద్దు, ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో అడగండి.)

తెచ్చాక మంచి స్పీకర్లు వెంటనే తగిలించకండి. ఇన్‌పుట్ ఏమీ ఇవ్వకుండా ఆన్ చేసి, రిలే టక్కుమన్నాక స్పీకర్ టెర్మినల్స్ రెండింటి మధ్య మల్టీమీటర్‌తో డీసీ కొలవండి. కొన్ని మిల్లీవోల్టులుంటే ఫర్వాలేదు, 100 దాటితే నేనైతే తిప్పి పంపేస్తా. ప్రొటెక్షన్ బోర్డు విడిగా కొన్నారా, ఇంకా తేలిక: యాంప్‌కి కలపకముందే దానికి సప్లై ఇచ్చి, ఇన్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ 9 వోల్టుల బ్యాటరీ తాకించండి, రిలే వెంటనే వదలాలి. బ్యాటరీ తిరగేసి మళ్లీ చూడండి, ఒకవైపే పనిచేసే బోర్డులూ ఉంటాయి. ఫ్యూజ్ ఉందిగా అని ధీమా పడొద్దు, అది కరిగేలోపు కాయిలే కాలిపోవచ్చు.

రిలే ఒంటి మీద రాసినదీ చదవండి. చాలావాటి మీద డీసీ 30 వోల్టులనే ఉంటుంది. మీ సప్లై 50 అయితే కాంటాక్టులు విడిపోయినా మధ్యలో నిప్పురవ్వ ఆగదు, ఒక్కోసారి అవి అతుక్కునే పోతాయి.