ఎన్‌హెచ్‌ఎస్ జీతాల బ్యాండ్లు: ఒక రేడియోగ్రాఫర్ సమీక్ష

హైదరాబాదులోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఎక్స్‌రేలు, స్కాన్లు తీసే రేడియోగ్రాఫర్‌గా చేరిన రోజున నా జీతం ఐదు నిమిషాల్లో ఖరారైంది. పక్క గదిలో అదే పని చేసే ఆవిడకు ఎంత ఇస్తున్నారో అడగవద్దని కూడా అప్పుడే చెప్పారు. ఇప్పుడు బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో నా జీతాన్ని నిర్ణయిస్తున్న ‘అజెండా ఫర్ ఛేంజ్’ పద్ధతిలో ఏ బ్యాండ్‌కు, అంటే ఏ జీతపు శ్రేణికి, ఎంత జీతమో ఎవరైనా చూడవచ్చు. నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

2004లో అమలైన ఈ పద్ధతి మనిషిని కాక పనిని తూస్తుంది. యాజమాన్యం, ఉద్యోగ సంఘాల ప్రతినిధులు కలిసి కూర్చుని, విజ్ఞానం, బాధ్యతలు, శారీరక శ్రమ, మానసిక ఒత్తిడి వంటి 16 అంశాల కింద పనికి విలువ కడతారు. మొత్తం 326 నుంచి 395 పాయింట్ల మధ్య ఉంటే అయిదో బ్యాండ్, 396 నుంచి ఆరో బ్యాండ్. కొత్తగా చేరే ఫిజియోథెరపిస్టులు, రేడియోగ్రాఫర్లు సాధారణంగా అయిదో బ్యాండ్‌లో మొదలవుతారు.

ఇది ఊరికే వచ్చినది కాదు. ఎక్కువమంది స్త్రీలే ఉన్న స్పీచ్ థెరపీ వృత్తికి ఫార్మసిస్టుల కంటే, క్లినికల్ సైకాలజిస్టుల కంటే తక్కువ జీతం ఎందుకని పామ్ ఎండర్బీ అనే థెరపిస్టు వేసిన దావాలో, వేర్వేరు బేరసారాల్లో కుదిరిన జీతాలన్న కారణం ఒక్కటే ఆ తేడాను సమర్థించజాలదని 1993లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది. సాటి వృత్తివారంతా ఆమెకు రుణపడి ఉన్నామని నేను నమ్ముతాను.

అయితే విజ్ఞానానికి గరిష్ఠంగా 240 పాయింట్లు ఉండగా, శారీరక శ్రమకు 25 మాత్రమే. కదలలేని రోగులను రోజంతా బల్ల మీదికి చేర్చే నడుములకు ఇది చాలా తక్కువని నా అభిప్రాయం. అంతకంటే పెద్ద లోపం, తూచేది కాగితం మీది పనిని కావడం. జూనియర్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత నా మీద పడినా, నా జాబ్ డిస్క్రిప్షన్‌లో ఆ మాట లేనందున పాత బ్యాండ్‌లోనే ఉండిపోయాను. దాన్ని తిరగరాయించి, మళ్లీ మూల్యాంకనం చేయించుకోవడానికి పదకొండు నెలలు పట్టింది.

మన రాష్ట్రాల నుంచి వచ్చేవారు మరొకటి గమనించాలి. ఇంటి దగ్గర చేసిన అనుభవాన్ని లెక్కించి బ్యాండ్‌లో పై మెట్టున చేర్చుకోవడం ఇక్కడి యాజమాన్యం విచక్షణకు వదిలేసిన విషయం. కాబట్టి సర్వీసు సర్టిఫికెట్లు జతచేసి, సంతకం పెట్టక ముందే రాతపూర్వకంగా అడగండి.